కృపాకుమారి వేసే మార్కులు

అనువర్తిత గణితం చదివినవాళ్లకు అవకాశాలు అపారమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ ఉద్యోగాలున్నాయి. విమానం రెక్క వంపు దగ్గర్నుంచి మబ్బుల నడక దాకా అంతా గణితమేనని వాళ్లంటారు. నిజమే కావచ్చు. అనంతపురం జిల్లాలో విమానాలు తయారు చేయరు. మబ్బులు నడిచి పోతాయి, ఆగవు.

బుక్కరాయసముద్రం కృపాకుమారి ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లూ ఈ మాటలు శ్రద్ధగా వింది. తర్వాత ఉద్యోగాల కోసం తిరిగింది. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ప్రిన్సిపాలు ఆమె సర్టిఫికెట్టు చూసి, "అప్లైడ్ అంటే, మామూలు లెక్కలు రావామ్మా?" అని నిజంగానే ఆందోళనపడి అడిగాడు. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ప్రోగ్రాం రాయమన్నారు. ఆమె ప్రోగ్రాములు నేర్చుకున్నది నల్లబల్ల మీద. బ్యాంకు పరీక్షలో పాసైనవాళ్ల కంటే కొంచెం తక్కువ, ఫెయిలైనవాళ్ల కంటే చాలా ఎక్కువ వచ్చాయి. ఆ స్థితికి పేరు లేదు, జీతమూ లేదు. చివరికి హాస్టలున్న ఒక కోచింగ్ కాలేజీవాళ్లు తీసుకుంటామన్నారు. పని స్టడీ అవర్లలో గదిలో కూర్చోవడం, పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడకుండా చూడడం. లెక్కలు చెప్పడానికి వేరే సార్లు ఉన్నారు.

నాయన యేసన్న కూలికి పోతాడు. పనులున్నప్పుడు చేన్లలో, లేనప్పుడు టౌనులో మేస్త్రీల దగ్గర. చర్చిలో పెద్ద కాబట్టి ఆదివారాలు ఆయన మాటకు విలువ ఉంటుంది. "కూకోనుండే పనే కదా, పో" అన్నాడు. ఆయన దృష్టిలో కూర్చుని చేసే పనికి మించిన పని లేదు.

ఆమె ఆ కూర్చునే పనిలో చేరకముందే శ్రీరంగప్ప దొరికాడు.

శ్రీరంగప్పది టౌనులో భూగర్భజల సర్వే ఆఫీసు. ఆఫీసంటే ఒక గది, ఒక జీపు, ఒక మిషన్. చేనులో నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, వాటికి వైర్లు తగిలించి కరెంటు పంపితే, నేల దాన్ని ఎంత అడ్డుకుంటోందో మిషన్ అంకెల్లో చూపిస్తుంది. కడ్డీలను దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి బయటపడుతుంది. పైకి వచ్చిన అంకెలను బట్టి కింద ఉన్నది గట్టి బండో, పగుళ్లున్న బండో, ఆ పగుళ్లలో నీళ్లున్నాయో లేదో ఊహించాలి. ఫలితం నుంచి కారణానికి ఇలా వెనక్కి నడవడం అనువర్తిత గణితంలో ఒక పూర్తి పేపరు. కృపాకుమారి ఆ పేపరు బాగా రాసింది. అది దేనికి పనికొస్తుందో అప్పుడు అడగాలని తోచలేదు. మొదటి రోజు చేన్లో కడ్డీ దిగ్గొట్టి, మిషన్ మీద అంకె కదలడం చూసి కాసేపు అలాగే నిలబడిపోయింది.

"ఏమ్మా, షాక్ కొట్టిందా?" అని అడిగాడు శ్రీరంగప్ప.

లేదంది. ఈ పని మాత్రం పోగొట్టుకోకూడదని ఆమె అనుకున్నది ఆ రోజే. పోతే మళ్లీ స్టడీ అవర్లే.

ఈ వ్యాపారంలో ఒక పద్ధతుంది. ఇక్కడి రైతు ఒక్క సాక్ష్యంతో బోరు వేయడు. మిషన్ పాయింటు చూపించాలి, ఆ పాయింటు మీద టెంకాయ కూడా నిలబడాలి. టెంకాయ చూసేది ఓబన్న. పీచు తీసిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లుంటే అది లేచి నిలబడుతుంది. శ్రీరంగప్పకూ ఓబన్నకూ పాత ఒప్పందం ఉంది. మిషన్ ముందు చూస్తుంది, టెంకాయ తర్వాత నిలబడుతుంది, సాధారణంగా మిషన్ చూపించిన చోటే నిలబడుతుంది. సైన్సుకూ నమ్మకానికీ యుద్ధం జరుగుతోందని సభల్లో మాట్లాడేవాళ్లు ఈ జీపు ఒకసారి ఎక్కాలి. ముందు సీట్లో టెంకాయ, వెనక సీట్లో మిషన్.

శ్రీరంగప్ప ఆమెకు చెప్పిన నియమం ఒకటే.

"పాయింటు చూపించు. పడతాయా అంటే, పడతాయను. అంతకు మించి మాట్లాడొద్దు."

"పడకపోతే సార్?"

"భూమాత ఇయ్యల్యా అంటాం. ఆయమ్మ మీద ఎవురూ కేసు పెట్టరు."

ఆఫీసులో పాత సర్వే కాగితాలు గోనెసంచుల్లో ఉండేవి. ఏ చేన్లో ఏ అంకెలొచ్చాయో వాటిలో ఉంది. బోరు వేశాక నీళ్లు పడ్డాయో లేదో మాత్రం ఎవరూ రాసుకోలేదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు, లేదా తెలుసుకోకపోతేనే మేలని అందరికీ తోచింది. కృపాకుమారి తీరిక దొరికినప్పుడల్లా ఆ రైతులకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. సగంమంది తిట్టారు. తిట్టినవాళ్లకు పడలేదని రాసుకుంది. పడినవాళ్లు ఇది ఎందుకడుగుతోందోనని అనుమానపడి పడలేదన్నారు. వాళ్లకు ఇంకోసారి చేయవలసి వచ్చింది. కొన్ని నెలలకు ఆమె దగ్గర ఒక లెక్క తయారైంది. ఇలాంటి అంకెలు వచ్చిన చోట్లలో నూటికి ఎన్నింటిలో నీళ్లు పడ్డాయి అన్న లెక్క. సంభావ్యత అంటే అదే. ఆమె ఆ లెక్కను ఎవరికీ చెప్పలేదు. నియమం ఉంది కదా.

అలా ఉండగా కుందుర్పి అవతల లింగప్ప చీనీతోటకు, అంటే బత్తాయితోటకు, పోయారు.

లింగప్ప తోట కాపు మీద ఉంది. పాత బోరు మాత్రం వట్టిపోయే దారిలో ఉంది. మోటారు వేస్తే కాసేపు నీళ్లు, ఆపైన గాలి. కొత్త బోరు పడితే తోట మొత్తం నిలుస్తుంది, లేకపోతే లేదు. కృపాకుమారి తోటంతా చూసి, ఉన్నవాటిలో మంచి పాయింటు ఒకటి తేల్చింది. శ్రీరంగప్ప దూరంగా ఫోన్లో మాట్లాడుతున్నాడు. లింగప్ప దగ్గరికొచ్చి, "ఏం పాపా, పడతాయా?" అని అడిగాడు.

పడతాయి అనాలి. కానీ లెక్క అప్పుడే తేలింది, నోటి చివరనే ఉంది.

"నూటికి నలభై తాతా."

"నూటికి నలభయ్యా?"

"అవును. అంటే, ఇట్లాంటి చోట్లు నూరుంటే..."

"తెలుసులేమ్మా. మా కొడుకు వీరేషుగానికి టెంతులో లెక్కలకు ముప్పై ఆరొచ్చినాయి. పాసైనాడు. నలభై అంటే వానికన్నా మేలే." లింగప్ప భార్య తిరుపాలమ్మ వైపు తిరిగి కేకేశాడు. "ఏమే, పాసంట!"

"ఎన్నొచ్చినాయంట?"

"నలభై!"

"అంతేనా?" అంది తిరుపాలమ్మ. "సరే, పాసు పాసే కదా."

"మార్కులు కాదు తాతా," అంది కృపాకుమారి. "పడకపోయేదానికే ఎక్కువుండాది..."

ఆ లోపల ఓబన్న చేతిలో టెంకాయ నిలబడింది. అందరూ అటు పోయారు.

బోరు బండి వచ్చింది. పసుపూ కుంకుమా పెట్టారు. మొదట ఎర్ర దుమ్ము లేచింది, తర్వాత తెల్ల దుమ్ము. సాయంత్రం దాకా తెల్ల దుమ్మే, నీటి జాడ లేదు. చీనీచెట్ల ఆకులన్నీ పిండి చల్లినట్టు తెల్లబడ్డాయి. బండివాళ్లు పైపులు పైకి లాక్కుని పోయారు.

నలభై సంగతి ఆ మర్నాడు శ్రీరంగప్పకు తెలిసింది.

"నూటికి నలభై అని చెప్పినావంట?"

"అంతే ఉండె సార్."

"ఉంటే మాత్రం చెప్తారామ్మా? డాక్టరు చెప్తాడా? రేపు ఆయప్ప ఈడికొచ్చి గలాటా చేస్తే నువ్వే సమాధానం చెప్పుకో. చెప్పుకొని, అట్లే ఇంటికి పో."

లింగప్ప వచ్చాడు. ఒక్కడే రాలేదు, ఊరివాళ్లు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. శ్రీరంగప్ప ఫ్యాన్ వేసి, నీళ్లు తెప్పించి, కృపాకుమారిని ముందుకు రమ్మన్నాడు. లింగప్ప నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"తప్పు మాదేలే అప్పా. పాప ముందే చెప్పింది. నలభై. అత్తెసరు పాసు. అత్తెసరు పాసైనోనికి ఉద్యోగమే రాదు, ఇంగ నీళ్లెట్ల వస్తాయి? మా వీరేషు పాసై ఏం పొడిచినాడు?" వెంట వచ్చినవాళ్లను చూపించాడు. "వీళ్ల చేన్లు కూడా చూడల్లంట. మార్కులు మాత్రం ముందే చెప్పల్ల."

శ్రీరంగప్ప కృపాకుమారి వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూశాడు.

"మార్కులు చెప్పకుండా మేమెప్పుడూ చూడలేదప్పా" అన్నాడు.

ఉద్యోగం అలా నిలబడింది.

ఆ ఎండాకాలం మార్కుల సంగతి చేను నుంచి చేనుకు పాకింది. ఆఫీసు బోర్డు మీద 'పాయింటుకు మార్కులు చెప్పబడును' అని కొత్త వాక్యం చేరింది. మొదట్లో కృపాకుమారి అందరికీ వివరించబోయింది. ఇవి మార్కులు కావు, సంభావ్యత అంటారు, నాణెం ఎగరేసినట్టు, అంటూ. చిలమత్తూరు దగ్గర ఒకాయన మొత్తం ఓపిగ్గా విని, "అదంతా సరేమ్మా, పాసెంత?" అన్నాడు. ఆ తర్వాత ఆమె వివరించడం మానేసింది.

అవకాశం ఎంతుంటే దిగాలి, ఎంతుంటే ఆగాలి అన్న విషయం మీద పండితులు పెద్ద పెద్ద గ్రంథాలు రాశారు. ఇంకా తేలలేదు. అనంతపురం రైతులకు అది పరీక్షల బోర్డు ఎప్పుడో తేల్చిపెట్టింది. ముప్పై ఐదు. ముప్పై ఐదు వస్తే బోరు బండిని పిలిచారు, రాకపోతే పిలవలేదు. ఫెయిలైన చోట బోరెవరు వేస్తారు? బోర్లు వేసి వేసి నాశనం కావద్దని ఇన్నేళ్లు మీటింగులు పెట్టి చెప్పినా వినని మనుషులు, ముప్పై ఒకటి అని ఒక మాట వినగానే తలొంచుకుని ఇంటికి పోయారు. మార్కులకు పరువు కూడా వచ్చింది. మా చేనుకు యాభై ఎనిమిది, మీ చేనుకెన్ని అని టీ అంగడి దగ్గర ఒకర్నొకరు అడిగేవాళ్లు. అరవై రెండొచ్చిన ఒకాయన బోరు వేయనే లేదు. ఆ మార్కులను అలాగే ఉంచుకున్నాడు, పొలం అమ్మేటప్పుడు పనికొస్తాయని.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఈ నేలలో పాసయ్యే చోట్లు తక్కువ. శ్రీరంగప్పకు సర్వే ఫీజు కంటే బోరు బండివాళ్లిచ్చే కమీషనే ముఖ్యం. బండి కదిలితేనే కమీషను. బండ్ల ఏజెంటు బయ్యన్న ఆఫీసుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమప్పా, మీ మేడం శానా స్ట్రిక్టంటనే? పోయిన్నెలంతా ఫెయిలే. మా బండ్లు షెడ్డులో తుప్పు పడతాండాయి."

బయ్యన్న పోయాక శ్రీరంగప్ప మెత్తగా మాట్లాడాడు.

"ముప్పై దాటినోళ్లకు గ్రేస్ మార్కులెయ్యమ్మా. బోర్డువాళ్లే వేస్తారు, మనమెంత?"

"ముప్పై దాటకపోతే సార్?"

"మనిషిని చూసి వెయ్యి. మొండికేసినావనుకో, నీ స్టడీ అవర్లు యాడికీ పోలేదు."

ఆ వారంలో ఆమె ఇద్దరికి ముప్పై మూడును ముప్పై ఐదు చేసింది. ఒకరికి నీళ్లు పడ్డాయి. నీళ్లు పడకపోయినా ఆమె ఇంత ఇబ్బంది పడేది కాదు, దొంగ మార్కులే గెలిచాయి.

సరిగ్గా అప్పుడే లింగప్ప మళ్లీ పిలిచాడు. పాత బోరు ఇంకా తగ్గింది. తోట వెనకభాగంలో చెట్లు పిందెలు రాల్చేస్తున్నాయి. మొదటి పాయింటే తోటలో మంచిది, అది పోయింది. మిగిలినవాటిలో మేలైనది వెతకాలి. ఈసారి శ్రీరంగప్ప ఫోను జేబులో పెట్టుకుని కృపాకుమారి పక్కనే నిలబడ్డాడు. లింగప్పా తిరుపాలమ్మా చెట్టు నీడన కూర్చుని, ఫలితాల రోజు తల్లిదండ్రుల్లాగా ఆమె ముఖమే చూస్తున్నారు.

"ఈయప్ప మనకు మొదట్నించీ ఉండే మనిషి," అన్నాడు శ్రీరంగప్ప గొంతు తగ్గించి. "చూసి వెయ్యి."

అతను చెప్పిన అర్థం ఆమెకు తెలుసు. తాను ఏం చెబితే ఏమవుతుందో కూడా తెలుసు.

"ఎన్నొచ్చినాయి పాపా?" అని అడిగాడు లింగప్ప.

"ఇరవై రెండు తాతా."

లింగప్ప తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, "రీకౌంటింగ్ చెయ్యమ్మా" అన్నాడు.

అడగడంలో తప్పు లేదు. కృపాకుమారి కడ్డీలు పీకి, అదే చోట ఇంకో దిక్కుకు పెట్టి మళ్లీ కొలిచింది. ఎండలో చాలాసేపు పట్టింది.

"ఇరవై" అంది.

"రీకౌంటింగులో తగ్గుతాయా?"

"ఇంటర్లో వీరేషుకు తగ్గల్యా?" అంది తిరుపాలమ్మ. "అప్పుడే మొత్తుకుంటి, వద్దని."

లింగప్ప లేచి కృపాకుమారి దగ్గరికి వచ్చాడు. "ఒక పదైదు మార్కులు ఎవురైనా వేస్తారు కదమ్మా. ముసలోన్ని అడుగుతాండా."

"వేస్తాదిలే," అన్నాడు శ్రీరంగప్ప. "ఏమ్మా?"

"వేయమంటే వేస్తా తాతా. నూటికి నూరు కావాలన్నా వేస్తా," అంది కృపాకుమారి. "ఆ నూరు నా నోట్లోనే ఉంటాయి. కింద ఉండేది ఇరవయ్యే."

లింగప్ప ఓబన్న వైపు తిరిగాడు. "నువ్వు చూడప్పా."

ఓబన్న టెంకాయ అరచేతిలో పెట్టుకుని కొంచెం దూరం నడిచాడు. ఆగాడు. మిషన్ వైపు చూశాడు, శ్రీరంగప్ప వైపు చూశాడు. టెంకాయ సంచిలో వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"ఈ పొద్దు నాకు చెయ్యి నొప్పిగుండాది" అన్నాడు.

చివరికి తేల్చింది తిరుపాలమ్మ. "ఫెయిలైనోనికి ఫీజులు కట్టి కట్టి మనకు సాలు. వెనకపక్క చెట్లు కొట్టేద్దాం. ఉండే నీళ్లు ముందరపక్కకన్నా సరిపోతాయి."

"కాపు మీదుండాయి కదనే!"

"కాపుండాది. నీళ్లు యాడుండాయి?"

లింగప్ప వెనకపక్కకు పోయి చెట్ల మధ్య నిలబడ్డాడు. జీపు బయలుదేరేటప్పుడు కూడా అక్కడే ఉన్నాడు. వారం తిరక్కముందే చెట్లు కొట్టించాడని తర్వాత తెలిసింది. ముందరివి నిలిచాయి. మంచి పని జరిగిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే తన్నేవాడు.

కళ్యాణదుర్గం రోడ్డెక్కాక శ్రీరంగప్ప నోరు తెరిచాడు.

"నువ్వు ఇంకా పెద్ద ఉద్యోగం చేయాల్సినదానివమ్మా. ఈ చేన్లలో పడి నీ చదువు పాడైపోతాంది."

ఉద్యోగంలోంచి తీసేయడానికి ఇంతకంటే మర్యాదైన వాక్యం ఈ జిల్లాలో లేదు. కృపాకుమారి సరే సార్ అంది.

కోచింగ్ కాలేజీవాళ్లు జూన్‌లో చేరమన్నారు. స్టడీ అవర్ల పని ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఆమె పెట్టె సర్దుకుంటుండగా ఒక మధ్యాహ్నం ఓబన్న ఇంటికొచ్చాడు. యేసన్న మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"శ్రీరంగప్ప ఒక కొత్త పిల్లోన్ని పెట్టుకున్నాడు," అన్నాడు ఓబన్న. "యాడ చూసినా డెబ్బై ఐదే వేస్తాండాడు. జనం నమ్మల్యా. అందరూ డిస్టింక్షనంటే ఎవురు నమ్ముతారు? 'ఫెయిల్ చేసే ఆయమ్మ యాడ' అంటాండారు. హిందూపురంలో మిషన్ బాడుగకు ఇస్తారు. నాతో వస్తావా పాపా?"

యేసన్న అడ్డమొచ్చాడు. "టెంకాయ కొట్టే పనికి నా బిడ్డను తోలమంటావా అన్నా? సంఘంలో ఏమంటారు?"

"కొట్టేది ల్యాదన్నా. చేతిలో పెట్టుకునేదే. అదీ నా చేతిలో."

యేసన్న ఆలోచనలో పడ్డాడు. బైబిల్లో దీని గురించి ఏమైనా ఉందేమోనని వెతుక్కుంటున్నట్టుగా ఉంది ముఖం.

"నీకేం లాభం అన్నా?" అని అడిగింది కృపాకుమారి.

"నువ్వు నలభై అని ముందే చెప్పినావనుకో, రేపు పడకపోతే నా టెంకాయకు సగం మాటే వస్తాది. ఇన్నేళ్లు మొత్తం మాటలు నేనే పడితి."

కృపాకుమారి షరతులు చెప్పింది. అంకె మార్చమని అడగకూడదు. తను అంకె చెప్పాకే టెంకాయ బయటికి తీయాలి.

"అన్నీ సరే," అన్నాడు ఓబన్న. "అంకె మాత్రం అందరికన్నా ముందు నా చెవిలో చెప్పల్ల."

"ఎందుకు?"

"యాడ నిలబెట్టల్లో నాకు తెలియొద్దా?"

ఆమె నవ్వి సరేనంది. పెట్టెలోంచి బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేసింది.

సోమవారం పొద్దున బస్సుకు ఇద్దరూ హిందూపురం పోయి మిషన్ తీసుకుని, అక్కణ్నించి చిలమత్తూరు వైపు చేన్లకు పోయారు. తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక, సంఘంలో ఒకాయన చర్చి బయట యేసన్నను పట్టుకున్నాడు.

"బిడ్డకు పని దొరికిందంట కదన్నా. ఏం పని?"

"మార్కులు వేసే పని" అన్నాడు యేసన్న.

"యూనివర్సిటీలోనా?"

"చేన్లలో. కడ్డీలు దిగ్గొట్టి, చూసి వెయ్యల్ల."

ఆయన అర్థమైనట్టు తలాడించాడు. "మా రేఖ కూడా డిగ్రీలో లెక్కలే తీసుకుంటానంటాంది. తీసుకోనీనా?"

యేసన్న నిజాయితీగా ఆలోచించాడు.

"తీసుకోనీ," అన్నాడు. "కడ్డీలు శానా బరువుంటాయి. బాగా తినిపించు."